పిల్లల శీతకాలపు టోపీ

మార్గశిరము ప్రవేశించినది మొదలు శివరాత్రి వరకును మా పాఠశాలకు వచ్చు తలిదండ్రులు మమ్ము ముఖ్యముగా రెండు సంగతు లడుగుచుందురు. మొదటిది పరీక్షల సంగతి. రెండవది చలి సంగతి. పరీక్షలను గూర్చి చెప్పుటకు మాకంటె పెద్దలు కలరు. రెండవదానిని గూర్చి మేము నాలుగు మాటలు వ్రాయదలచితిమి. పిల్లవాని తలకు ఎట్టి టోపీ కొనవలెను? ఇది యొక వ్యాసమునకు తగిన విషయమా యని కొందరు నవ్వవచ్చును. కాని హాస్టలునందు పిల్లలతో పెక్కేండ్లు మెలగి, ప్రతి శీతకాలమునను తెల్లవారకముందే వారి తలలను లెక్కించుట పనిగా గల మాకు, ఆ తలలపై నుండు టోపీలను బట్టి ఇంటివారి ప్రేమయు, భయమును, బీదతనమును, తొందరపాటును గూడ తెలియవచ్చుచుండును. టోపీ చిన్న వస్తువే. దాని నెన్నుకొనుటలో ఎవరిని తలచుకొనుచున్నా మనునది మాత్రము చిన్న విషయము గాదు.

మొట్టమొదట చలి యెంతయో తెలిసికొనవలెను. మన తెలుగునాట చలి అంతటను ఒక్క తీరున నుండదు. కాకినాడ, మచిలీపట్టణము మొదలగు సముద్రతీరపు ఊళ్ళలో శీతకాలపు రాత్రులందు సైతము ఉష్ణమానము 15 డిగ్రీలకు లోబడుట అరుదు. అక్కడి పిల్లవానికి ప్రొద్దుటి ప్రయాణమున చెవులు కప్పు పలుచని గుడ్డ చాలును. మన్యమున అట్లు కాదు. సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల యెత్తున నున్న లంబసింగి యందును, చింతపల్లి, పాడేరు, అరకులోయ ప్రాంతములందును పుష్యమాసపు తెల్లవారుజామున ఉష్ణమానము ఒకప్పుడు సున్న డిగ్రీల దాపునకు దిగుచుండును. ఉత్తర తెలంగాణమున ఆదిలాబాదు, సిర్పూరు ప్రాంతములలో 5, 6 డిగ్రీలకు దిగిన దినములు కలవు. ఒకే హాస్టలునందు తీరమునుండి వచ్చిన పిల్లవాడును, కొండపైనుండి వచ్చిన పిల్లవాడును ప్రక్కప్రక్కల పండుకొందురు. మొదటివాడు గడగడ వణకుచుండ రెండవవాడు దుప్పటి తన్నివేసి నిద్రించును. కావున "అందరి పిల్లలును పెట్టుకొనుచున్నారు గదా!" యని టోపీ కొనుట తగదు. మన బిడ్డ ఏ వేళ, ఏ దారిని, ఎంతసేపు చలిలో నుండునో మొదట చూచుకొనవలెను.

తలను కప్పుకొనుట మనవారికి క్రొత్త గాదు. పసిపిల్లల టోపీని మన ముత్తవలు కుళ్ళాయి యనెడివారు. కర్ణాట రాజసభకు పోవునప్పుడు శ్రీనాథ మహాకవి అలవాటు లేని కుళ్ళాయి పెట్టుకొనవలసి వచ్చెనని ఆయన పేర నున్న చాటువు చెప్పుచున్నది. తెలంగాణపు గొఱ్ఱెల కాపరులు నల్లని దక్కని గొఱ్ఱెల ఉన్నితో నేసిన గొంగడిని తలమీదుగా ముసుగు వేసికొని వానకును, చలికిని, ఎండకును గూడ ఓర్చుకొందురు. పొలమునకు పోవు రైతు తలగుడ్డ చుట్టుకొనును. తల్లి పైట చెంగును నెత్తిమీదికి లాగుకొనును. ఇక నేడు మన పిల్లలలో మిక్కిలి వ్యాపించియున్న మంకీ టోపీ, అనగా ముఖము మాత్రము విడిచి తలను, చెవులను, మెడను కప్పునది, చాల దూరమునుండి వచ్చినది. 1853 మొదలు 1856 వరకు జరిగిన క్రిమియా యుద్ధములో చలికి బాధపడుచున్న బ్రిటిషు సైనికులకు ఇట్టి ఉన్ని టోపీలను అల్లి పంపిరని చెప్పుదురు. 1854 అక్టోబరు 25వ తేదీన యుద్ధము జరిగిన బాలక్లావా యను రేవు పేరే ఇంగ్లీషున దానికి నిలిచినది. ఆ పేరు వాడుకలోనికి వచ్చినది మాత్రము యుద్ధము ముగిసిన చాల యేండ్లకు. సైనికునికై పుట్టిన టోపీ మన యింట ఒకటవ తరగతి పిల్లవానికిని, వాని తాతగారికిని సమానముగా చెల్లుచున్నది.

మన పట్టణములలో వీనిని విరివిగా అమ్మువారిలో టిబెట్టువారు ముఖ్యులు. 1959లో దలైలామా గారు భారతదేశమునకు వచ్చినప్పుడు ఆయన వెంటను, ఆ తరువాతను వేలకొలది టిబెట్టు ప్రజలు ఈ దేశమున తలదాచుకొనిరి. వారిలో పలువురు శీతకాలమున మన పట్టణములకు దిగివచ్చి రహదారుల ప్రక్కను, మైదానములందును డేరాలు వేసి ఉన్ని దుస్తు లమ్ముట జీవనోపాధిగా చేసికొనిరి. ఆ సరకు చాలవరకు లూధియానా పట్టణమున తయారైనదే. స్వదేశమును విడిచివచ్చినవారు మన బిడ్డల చెవులు కప్పుచుండుట తలచుకొనదగిన సంగతియే.

ఇక పెద్దల నమ్మకములను కొన్నింటిని పరిశీలింతము. "శరీరపు వేడిలో సగము తలనుండియే పోవును; కాబట్టి తల కప్పిన చాలు" నని పలువురు చెప్పుదురు. 1970 నాటి అమెరికా సైన్యపు చేపుస్తక మొకటి నూటికి 40 మొదలు 45 వంతుల వేడి తలనుండి పోవునని వ్రాసియుండెను. 2008లో ఇద్దరు వైద్యులు బ్రిటిషు వైద్య పత్రికయందు ఈ మాటను పరీక్షించి, అది సరికాదని చూపిరి. కప్పని భాగమేదైనను వేడిని కోల్పోవును. పెద్దవారి తల శరీరపు పైభాగములో సుమారు పదవ వంతే గనుక దాని పాలును రమారమి అంతియే. కావున పిల్లవానికి మంచి టోపీ పెట్టి, పలుచని చొక్కాతోను, వట్టి కాళ్ళతోను మంచులోనికి పంపుట మేలుచేయుట కాదు. తల కప్పిన తల్లి పాదములను గూడ చూడవలెను.

అయినను పసిబిడ్డ విషయము వేరు. కాలిన గాయములను అంచనా వేయునప్పుడు వైద్యులు పెద్దవారి తలను శరీరములో నూటికి 9 పాళ్ళుగాను, శిశువు తలను 18 పాళ్ళుగాను లెక్కింతురు. బిడ్డ ఎంత చిన్నదైన, దాని దేహములో తల పాలు అంత పెద్దది. అందుచేతనే అప్పుడే పుట్టిన బిడ్డను తుడిచి, ఆరబెట్టి, తలకు టోపీ తొడుగుదురు. 1978లో దక్షిణ అమెరికాలోని బొగోటా నగరమున ఎడ్గార్ రే సనబ్రియా యను వైద్యుడు, నెలలు నిండక పుట్టిన శిశువులను తల్లి రొమ్మున చర్మమునకు చర్మము తగులునట్లు కట్టియుంచు పద్ధతిని ఆరంభించెను. కంగారూ సంరక్షణ యని పేరొందిన ఆ పద్ధతి నేడు మన ఆసుపత్రులలోను కలదు. ఆ బిడ్డకు టోపీయు, మేజోళ్ళును తొడుగుదురు. తక్కిన వేడి యంతయు తల్లి దేహమే యిచ్చును.

ఇంకొక మాట తల్లులకు విశేషముగా చెప్పవలసియున్నది. చలి యని ఇంటిలోపల నిద్రించు పసిబిడ్డకు సైతము మందమైన టోపీ పెట్టి, పైన రెండు దుప్పట్లు కప్పు అలవాటు మనలో కలదు. బిడ్డ తన అధిక వేడిని తలద్వారముననే ఎక్కువగా వెడలించుకొనును. ఆ దారిని మూసిన వేడి హెచ్చును. టోపీ జారి ముక్కుమీదికి వచ్చినచో ఊపిరికి అడ్డము. అమెరికా శిశువైద్యుల సంఘమువారు 2022లో, పుట్టిన మొదటి గంటలలోను, ప్రత్యేక శిశు చికిత్సాలయములందును తప్ప, ఇంటిలోపల శిశువులకు టోపీ పెట్టవలదని సలహా యిచ్చిరి. బిడ్డకు చలిగానున్నదో లేదో తెలియుటకు మెడ వెనుకనో, రొమ్ముమీదనో చేయి పెట్టి చూడవలెను. అక్కడ చెమ్మగా నున్నచో బట్టలు తగ్గించుటయే ప్రేమ.

"చెవులలోనికి గాలి పోయిన పడిశము పట్టు" నని మరియొక నమ్మకము. పడిశమునకు కారణము గాలి గాదు; కంటికి కనబడని వైరసులు. అవి దగ్గువలనను, తుమ్మువలనను, ముక్కు తుడుచుకొన్న చేతివలనను ఒకరినుండి యొకరికి అంటును. తలుపులు మూసికొని అందరును ఒక్క గదిలో మూగియుండు చలికాలమున అవి మరింత సులభముగా వ్యాపించును. టోపీ వానిని ఆపలేదు. సబ్బుతో చేతులు కడుగుకొనుట కొంత ఆపగలదు. అట్లని అవ్వల మాటను పూర్తిగా త్రోసివేయరాదు. చెవి పలుచని అవయవము. దానిపై క్రొవ్వు పొర లేదు. చలిగాలికి అది త్వరగా చల్లబడి బాధించును. నొప్పితో వచ్చిన పిల్లవానికి పాఠము తలకెక్కదు. పడిశము తగ్గించుటకు గాకున్నను, బాధ తప్పించుటకు చెవులు కప్పవలసినదే.

టోపీ దేనితో చేయబడినదో చూచుట రెండవ పని. గొఱ్ఱె ఉన్ని పోగు సహజముగా వంకరలు తిరిగియుండును. ఆ వంకరల నడుమ గాలి నిలిచి, వెలుపలి చలికిని లోపలి వేడికిని నడుమ గోడవలె నుండును. ఉన్ని తన బరువులో దాదాపు మూడవ వంతు తేమను పీల్చుకొనియు తడిసినట్లు తోచదు. అందుచేత మంచు కురియు దారిలో నడచు పిల్లలకు అది మేలైనది. కాని ముతక ఉన్ని లేత చర్మమును గీకును, దురద పుట్టించును. గొంగడి కాపరి వీపునకు తగినదే గాని మూడేండ్ల బిడ్డ నుదుటికి తగదు. మెరీనో జాతి గొఱ్ఱెల ఉన్ని సన్నమైనది, మెత్తనిది. వెలయును అట్లే యుండును. అంత వెల పెట్టలేనివారు మామూలు ఉన్ని టోపీకి లోపల మెత్తని పాత నూలుగుడ్డ కుట్టుకొనవచ్చును. మా హాస్టలు ఆయమ్మ చీరముక్కలతో అట్లే కుట్టును. పిల్లలు వానిని విడువరు.

మన బజారున "ఉన్ని టోపీ" యని అమ్మునవి అనేకము ఉన్నివి కావు. అవి అక్రిలిక్ దారపువి. రసాయనములతో చేయు ఈ దారమును అమెరికాలోని డ్యూపాంటు కంపెనీవారు 1941లో కనిపెట్టిరి. తేలికయు, చవుకయు, రంగు వెలయకుండుటయు దాని గుణములు; పురుగు కొట్టదు, ఉదుకుట సులభము. బీదవాని బిడ్డ చెవులు కప్పినది నిజముగా ఇదియే గనుక మేము దీనిని నిందింపము. ఒక్క విషయమున మాత్రము జాగ్రత్త వలయును. ఒక పోగు లాగి నిప్పున పెట్టి చూడుడు. ఉన్ని పోగు వెండ్రుక కాలిన వాసన వేసి, తనంత తానే ఆరి, వ్రేళ్ళ నడుమ పొడియగును. అక్రిలిక్ పోగు కరగి, మండి, గట్టి పూసవలె నిలుచును. కరగినది చర్మమునకు అంటుకొనును. మన పల్లెలలో పిల్లలు తెల్లవారకముందే చలిమంట చుట్టును కూర్చుండి, మంటలోనికి వంగి పుల్లలు వేయుచుందురు. భోగినాడు మంటల యెత్తు చెప్పనక్కరలేదు. అట్టి చోట అక్రిలిక్ టోపీయు, దాని కొనను వ్రేలాడు కుచ్చును ప్రమాదకరములు. చలిమంట దగ్గర నూలు తువ్వాలు మేలు. దూరముగా కూర్చుండుట అంతకంటె మేలు. పోగును పరీక్షించు పని పెద్దలది గాని పిల్లలది కాదని వేరుగా చెప్పనేల?

కొలత సంగతి చెప్పెదము. చొక్కాను, చెప్పులను పెరుగుదల కొఱకు ఒక కొలత పెద్దవిగా కొనుట మన యిండ్లలో నున్న ఆచారము. టోపీకి ఈ లెక్క పనికిరాదు. తల మొదటి సంవత్సరముననే విశేషముగా పెరుగును. పుట్టినప్పుడు సుమారు 34 సెంటీమీటర్లుండు తల చుట్టుకొలత ఏడాదికి సుమారు 45 అగును. పిమ్మట నెమ్మదించును, అయిదేండ్లకు సుమారు 50, పదేండ్లకు 52 లేక 53. అనగా అయిదవ యేటినుండి పదవ యేటి వరకు పెరుగునది రెండు మూడు సెంటీమీటర్లే. అల్లిక టోపీ అంతమాత్రము తానే సాగును. ఈ సంగతి తెలియక పెద్ద టోపీ కొనినచో అది కన్నులమీదికి జారును, పిల్లవాడు తల వెనుకకు వంచి నడచును. చిన్నదైనచో నుదుట ఎఱ్ఱని గీత పడి తలనొప్పి వచ్చును. దర్జీ టేపును కనుబొమ్మలకు పైగా, చెవులకు పైగా, తల వెనుక ఉబ్బెత్తు భాగముమీదుగా చుట్టి కొలిచి, ఆ కొలతను చీటిపై వ్రాసికొని బజారునకు పొండు. తొడిగిన పిమ్మట అంచు క్రింద ఒక వ్రేలు సులభముగా దూరవలెను. తల విదలించినను టోపీ కదలరాదు.

ఆడపిల్లల విషయము దుకాణదారులు తలంచినట్లు తోచదు. మా విద్యార్థినులు రెండు జడలు వేసి, పైకి మడచి, చెవుల దగ్గర రిబ్బనులు కట్టుకొని వత్తురు. ఆ జడలమీద మంకీ టోపీ దిగదు. బలవంతముగా దింపిన రిబ్బను జారును, ప్రార్థన గంట మ్రోగువేళకు జడ వీడిపోవును. పలువురు బాలికలు ఈ కారణముననే టోపీని సంచిలో పెట్టుకొని వణకుచు వచ్చుట మేము చూచితిమి. వారికి చెవులనుండి నుదుటివరకు వచ్చు అల్లిక పట్టీయో, గడ్డము క్రింద ముడివేయు మెత్తని ఉన్ని గుడ్డయో తగినది. ముడి పాఠశాల ద్వారమున విప్పుకొన దగినదిగా నుండవలెను.

ఇక దారి సంగతి. పుష్యమాసపు పొగమంచులో పది బారల దూరము కనబడదు. అట్టి వేళ కన్నుల పని చెవులు చేయవలెను. మంకీ టోపీపై మఫ్లరు రెండు చుట్లు చుట్టిన పిల్లవానికి హారను వినబడదు. ఒక యేట మా పిల్లవాడొకడు ఇట్లే కప్పబడి రోడ్డు దాటుచుండగా, వెనుకనుండి వచ్చుచున్న లారీ కేక అతనికి చేరలేదు. గేటు దగ్గరి కావలివాడు పరుగెత్తి చేయి పట్టి లాగెను గనుక బిడ్డ దక్కెను. తల్లి ప్రేమతో చుట్టిన చుట్టే అది. కావున చెవులు కప్పునది ఒక్క పొరయే కావలెను; రోడ్డు దాటునప్పుడు దానిని గూడ పైకెత్తుకొనుట పిల్లలకు నేర్పవలెను. మఫ్లరు కొనలు వ్రేలాడనీయక చొక్కాలోనికి దోపవలెను; మోటారు సైకిలు చక్రములో చిక్కిన మఫ్లరు ఉరిత్రాడగును. టోపీల త్రాళ్ళును అట్టివే. బ్రిటనులో పిల్లల పైదుస్తుల తలముసుగులకు లాగుడు త్రాళ్ళుంచరాదని 1976లోనే నిబంధన చేసిరి. మనము త్రాడున్నదానిని కొనినను, కత్తెరతో తీసివేయుట క్షణము పని.

మోటారు సైకిలుపై బిడ్డను తెచ్చు తండ్రులకు ఒక మనవి. ఉన్ని టోపీ హెల్మెట్టు కాదు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము నాలుగేండ్లు దాటిన ప్రతివారికిని హెల్మెట్టు విధించుచున్నది. తొమ్మిది నెలలు మొదలు నాలుగేండ్ల వరకుగల శిశువులకు కూడ హెల్మెట్టును, తండ్రి దేహమునకు కట్టు పట్టీయు వలయునని 2022లో నిబంధన వెలువడి, 2023 ఫిబ్రవరి 15వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. మందమైన టోపీపై హెల్మెట్టు తొడిగినచో అది తలను సరిగా పట్టుకొనదు. పలుచని గుడ్డ లోపల, హెల్మెట్టు పైన, ఇదియే వరుస.

ఇవన్నియు తెలిసి, కొలిచి, మంచి టోపీ కొని తెచ్చినను, బిడ్డ పెట్టుకొననిచో ఏమి ఫలము? టోపీ నెన్నుకొనుటలో పిల్లవాని మాటకు చోటీయవలెనని మా గట్టి యభిప్రాయము. ఆరవ తరగతి బాలు డొకడు తండ్రి తెచ్చిన గులాబిరంగు టోపీని మూడు వారములు పెట్టెలో దాచి, చెవులు నీలిరంగు తిరిగినను తీయలేదు. తోటివారి నవ్వు అతనికి చలికంటె ఎక్కువ. మరుసటి సంత దినమున తండ్రి వచ్చినప్పుడు, "అయ్యా, వాని నొకసారి వెంట తీసికొనిపోయి వానిచేతనే యేరించుడు" అంటిమి. ఆయన "చిన్నపిల్లవాడు, వానికేమి తెలియునండీ?" యని నవ్వుచునే తీసికొనిపోయెను. బాలుడు మట్టిరంగు టోపీ నొకదానిని, అన్నింటిలో చవుకైనదానిని, తెచ్చుకొనెను. ఆ శీతకాలమంతయు అది వాని తలపైననే యుండెను.

టోపీ లేని పిల్లల మాట మరువరాదు. మా హాస్టలునందు ఒక పెట్టె యున్నది. పెద్ద తరగతుల బాలికలును, నేర్చుకొన గోరిన బాలురును శనివారము మధ్యాహ్నము అల్లిన టోపీలు అందులో వేయుదురు. ఎవరికి కావలసిన వారు ఎవరి నడుగక తీసికొనవచ్చును. వారి పేరు రాయించుట లేదు. దానము పొందినవాని పేరు గోడమీద నుండిన టోపీ బరువగును. తీసికొన్నవారు తమ గురుతు దారముతో కుట్టుకొని, దానిని తామే వాడవలెనని మాత్రము నియమము. పేలు ముఖ్యముగా తలకు తల తగులుటచే వ్యాపించును. అయినను టోపీలను మార్చుకొనకుండుట మంచిది. వారమున కొకసారి కుంకుడురసము కలిపిన గోరువెచ్చని నీట నెమ్మదిగా ఉదికి, పిండక తువ్వాలులో చుట్టి ఒత్తి, నీడను పరచి ఆరవేసినచో ఉన్ని టోపీ ముడుచుకొనదు, సాగదు.

తుదకు, మిక్కిలి వినయముతో, మిషను పెద్దలకు ఒక మనవి చేయవలసియున్నది. మా పాఠశాలలో ఉదయ ప్రార్థన మైదానమున జరుగును. ప్రార్థనవేళ బాలురు టోపీలు తీయవలెననునది పూర్వమునుండి వచ్చు మర్యాద. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదునొకండవ అధ్యాయము దీనికి ఆధారమని మాకు తెలియును. ఈ మర్యాదను మేము గౌరవింతుము. కాని ఒక పుష్యమాసపు ఉదయమున మేము చూచిన దానిని చెప్పక యుండజాలము. కొండమీది పల్లెనుండి వచ్చిన యొక బాలుడు తండ్రి పోయిన పదునేనవ దినమున బడికి తిరిగివచ్చెను. వారి యింటి యాచారము చొప్పున తల నున్నగా గొరిగియుండెను. టోపీ తీయక వరుసలో నిలిచిన అతనికి పెద్ద విద్యార్థి యొకడు సైగ చేసెను. నియమము తెలిసిన మంచి పిల్లవాడే అతడు. బాలుడు టోపీ తీసెను. ముందు వరుసలవారు వెనుకకు తిరిగి చూచిరి. ప్రార్థన ముగియువరకు, జోడింపవలసిన ఆ రెండు చేతులును తలను కప్పుకొనియుండెను.

అతనికి చలియే బాధయో, సిగ్గే బాధయో మాకు తెలియదు. ఆ రెంటినుండియు కాపాడుటకే తల్లి ఆ టోపీ పెట్టి పంపియుండును. సిక్కులు, యూదులు, ముసల్మానులు తల కప్పుకొనియే దేవుని ప్రార్థింతురు. మనలో స్త్రీలును అట్లే చేయుదురు. తల కప్పుటయు, తెరచుటయు ఆయా జనుల మర్యాదలు. భక్తి వాని లోపల నుండునది. విశ్రాంతి దినమును గూర్చి పరిసయ్యులడిగినప్పుడు ప్రభువు వారికిచ్చిన సమాధానమును మా పాఠకులు మార్కు సువార్తయందు చదివియేయున్నారు. కావున మార్గశిరమునుండి శివరాత్రి వరకు చిన్న తరగతుల పిల్లలును, జబ్బుపడి లేచినవారును, తల గొరిగించుకొన్నవారును టోపీతోనే ప్రార్థనయందు నిలుచుటకు సెలవు దయచేయవలెనని కోరుచున్నాము. పెద్ద తరగతుల బాలురు మర్యాదను నిలుపుకొందురు గాక. వారు తీసిన టోపీని ప్రక్కన వణకుచున్న చిన్నవాని మెడకు చుట్టినను మేము అడ్డుచెప్పము.

తలిదండ్రులారా! ఈ శీతకాలమున టోపీ కొనబోవునప్పుడు మీ బిడ్డను వెంట తీసికొనిపొండు. తల కొలువుడు, పోగు చూడుడు, త్రాడు తీసివేయుడు, చెవులు కప్పినను హారను వినబడునా యని పరీక్షింపుడు, తనంత తాను తొడుగుకొని, తనంత తాను తీసికొనగలడా యని చూడుడు. వీలైనచో రెండవ దాని నొకటి కొని, మా పెట్టెలో వేసిపొండు. పేరు చెప్పనక్కరలేదు.